బాలవ్వ నేర్చుకున్న మాట

గొల్లపల్లిలో బాలవ్వకు పుట్టింటివైపు గాని అత్తింటివైపు గాని గుంటెడు భూమి లేదు. మొగుడు ఓదెలు ఎవరి బావిలోనో పూడిక తీస్తుంటే దరి విరిగి మీద పడింది. శవాన్ని పైకి తీసేలోపే బావి గలాయన ఊరొదిలి కరీంనగర్ వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక, ఓదెలు తాగి దిగాడని పదిమందిలో చెప్పాడు. ఓదెలు తాగడని ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. చిన్నపిల్లగా ఉన్న సంగీతను చంకనేసుకొని బాలవ్వ జగిత్యాల వచ్చేసింది.

కొన్నేళ్లు బీడీలు చేసింది. తంబాకుకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వినలేక ఇంటామె గది ఖాళీ చేయమన్నది. అప్పుడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఊడ్చే పని దొరికింది. కింద దుకాణాలు, పైన రెండంతస్తుల్లో కాలేజీ, ఆ పైన రేకుల కింద ఆడపిల్లల హాస్టల్. యజమానిని అందరూ కరస్పాండెంట్ సారు అనేవాళ్లు. జీతం తక్కువే అయినా, సంగీత పదో తరగతి దాటితే ఇంటర్ సీటు ఫీజు లేకుండా ఇస్తానని మాటిచ్చాడు. ఆ ఒక్క మాటతో బాలవ్వ ఆయన చెప్పుచేతల్లోకి పోయింది.

ఊడ్చే పనిలో చేరిన మనిషి ఏడాది తిరిగేసరికి కెమిస్ట్రీ ల్యాబు ఆయా అయింది. పరీక్ష నాళికలు కడగడం, సీసాలు తుడవడం, బండల మీద మరకలు పోగొట్టడం ఆమె పని. కెమిస్ట్రీ చెప్పే లక్ష్మీరాజం చందుర్తి మనిషి. చెడ్డవాడు కాదు. ఒకరోజు ఒక పిల్లవాడు నల్లబండ మీద యాసిడ్ ఒలకబోస్తే, తుడవడానికి బాలవ్వ గుడ్డ పట్టుకొని చెయ్యి చాపింది. లక్ష్మీరాజం ఆ చెయ్యి పట్టి ఆపాడు. డబ్బాలోంచి సోడా పొడి తీసి చల్లాడు. బుసబుసమని నురుగు లేచి, కాసేపటికి అణగిపోయింది.

"ఇగ తుడువు. ఏం గాదు," అన్నాడు.

అదేమిటని ఆమె అడిగింది. దాన్ని తటస్థీకరణం అంటారని చెప్పాడు. యాసిడ్‌కు ఒక గుణం ఉంటుంది, క్షారానికి దానికి ఎదురైన గుణం ఉంటుంది, రెండూ సరైన పాళ్లలో కలిస్తే ఒకదాని పొగరు ఒకటి దించుతుంది, చివరికి ఉప్పూ నీళ్లూ మిగులుతాయి అన్నాడు. పాఠ్యపుస్తకంలో ఆ తర్వాతి వాక్యం ఇంకొకటి ఉంది: ఈ చర్యలో వేడి పుడుతుంది. అది ఆయన చెప్పలేదు. ఆయా అడిగినదానికి అంత చెప్పాల్సిన పనేముంది?

బాలవ్వకు జీవితంలో ఎవరూ ఒక మాటకు అర్థం చెప్పలేదు. సారు చెప్పిన మాటను ఆమె ఇంటికి తీసుకుపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని అనుకుంటుంటే 'స్థ' పలకక 'స్త' వచ్చేది. సంగీత దిద్దేది. కొన్నాళ్లకు నాలుక తిరిగింది. ఒకరోజు ల్యాబులో సోడా చల్లుతూ ఆమె ఆ మాట పైకే అన్నది. పిల్లలు ఘొల్లుమన్నారు. అప్పటినుంచి అది కాలేజీలో ఒక ఆట. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులు వస్తే కరస్పాండెంట్ ఆమెను పిలిపించి చెప్పించేవాడు. తమ దగ్గర ఆయాకు కూడా కెమిస్ట్రీ వస్తుందని వచ్చినవాళ్లతో అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తానూ నవ్వేది. ఆ నవ్వు దేనికో ఆమెకు చాలాకాలం తెలియలేదు.

నవ్వని పిల్ల ఒకతి ఉండేది. ఇరమ్, కోరుట్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సెకండియర్ పిల్ల. తండ్రి లేడు. తల్లి సర్వర్ బీ బట్టలు కుట్టి, అన్న అజ్మల్ కూలర్లు బాగుచేసి చదివిస్తున్నారు. ఆ మాటకు అర్థమేమిటో చెప్పమని ఇరమ్ ఒకసారి నిజంగానే అడిగింది. "రెండు చెడ్డయి కలిసి మంచిగైతయి బిడ్డా," అన్నది బాలవ్వ. పుస్తకంలో ఇంత చక్కగా లేదని ఇరమ్ అన్నది. ఆ రోజు బాలవ్వ తన డబ్బాలోని పచ్చిపులుసులో సగం ఆ పిల్లకు పోసింది.

ఇదంతా తెలంగాణ ఉద్యమం మళ్లీ అంటుకున్న కాలం. అప్పటికి సంగీత అదే కాలేజీలో ఇంటర్ చదువుతోంది. చౌరస్తాలో రోజూ టెంటు, రోజూ దీక్ష. లక్ష్మీరాజం లెక్చరర్ల జేఏసీలో చేరి మంచి వక్త అయ్యాడు. ఒక సాయంత్రం కూరగాయలకు పోయిన బాలవ్వకు మైకులో ఆయన గొంతు వినిపించింది. ఈ కొట్లాటలో తటస్థంగా ఉన్నవాడు ద్రోహి అంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఉలిక్కిపడి నిలబడింది. తన మాట మైకులో ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

మరునాడు అడిగింది. లక్ష్మీరాజం పకపకా నవ్వి, ఆ పూట తీరిక ఉండడంతో విడమరిచి చెప్పాడు. తటం అంటే ఒడ్డు. ఒడ్డున నిలబడి, నీళ్లలో దిగకుండా, మునిగేవాడినీ ఈదేవాడినీ ఒక్క తీరుగా చూసేవాడు తటస్థుడు. కెమిస్ట్రీలో మాత్రం అటు యాసిడ్డూ కాక ఇటు క్షారమూ కాక ఉండేది తటస్థం.

"మనుషులల్ల చెడ్డమాట, సీసాలల్ల మంచిమాట. గంతే," అన్నాడు.

బాలవ్వకు పుష్కరాలు గుర్తొచ్చాయి. ధర్మపురిలో రేవు ఊడ్చే కూలికి పోయినప్పుడు ఒక ముసలామె కాలుజారి గోదాట్లో పడితే, ఒడ్డున అంతమంది నిలబడి చూశారు. సారు చెప్పింది నిజమే అనుకున్నది. సీసాల్లోని అర్థమే మంచిదనుకున్నది.

ఫిబ్రవరిలో రెండు రోజుల బంద్ వచ్చింది. బస్సులు లేవు, దుకాణాలు లేవు. ప్రాక్టికల్ పరీక్షలు నెత్తిమీదికి వచ్చాయి. హాస్టల్ పిల్లలు ఎలాగూ పైనే ఉన్నారు కాబట్టి, షట్టర్ దించి ల్యాబు నడపాలని కరస్పాండెంట్ నిర్ణయించాడు. కిటికీలు మూయించాడు. మోటార్ వేస్తే చప్పుడు వీధిలోకి వినిపిస్తుందని వేయనివ్వలేదు. ట్యాంకు ఖాళీ అయి ల్యాబు నల్లాలు ఎండిపోయాయి. తాగడానికి మూలన ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఒకటి ఉంది. లక్ష్మీరాజం పొద్దున టెంటులో మొహం చూపించి, వెనక సందులోంచి వచ్చి ల్యాబులో నిలబడ్డాడు. బంద్‌కు పిలుపిచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. రాకపోతే ఉద్యోగం పోతుందని కరస్పాండెంట్ ముందే చెప్పాడు.

ఎవరు చెప్పారో గాని, ఎండెక్కేసరికి విద్యార్థుల గుంపు కాలేజీ కింద చేరింది. నినాదాలు మొదలయ్యాయి. తనను ఇక్కడ చూస్తే బతకనివ్వరని లక్ష్మీరాజం పైమెట్ల వైపు పరుగెత్తాడు. మొదటి రాయి కిటికీ అద్దం పగలగొట్టింది. రెండోది సీసాల అరను కొట్టింది. ఆ అర కింద నిలబడ్డ ఇరమ్ తలెత్తి చూసేసరికి గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా ఆమె ఎడమ భుజం మీద పగిలింది. మెడ, దవడ, చెవి కింద అంతా తడిసింది.

ఆ కేకకు మిగతా పిల్లలు గోడకు అంటుకుపోయారు. బాలవ్వ సోడా డబ్బా మూత తీసింది. డబ్బా అడుగంటి ఉంది. మెట్ల దగ్గరికి పరుగెత్తి పైకి చూసి అరిచింది.

"సారూ, యాసిడ్ వడ్డది! సోడ లేదు!"

ఎవరిమీద పడిందో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. లోపల ఆడపిల్ల కేకలు మాత్రం మెట్లదాకా వినిపిస్తూనే ఉన్నాయి.

"తటస్థీకరణం చెయ్. నీకు తెల్సు గదా. క్షారం ఏదైనా పొయ్యి," అని పైనుంచి గొంతు వచ్చింది. తర్వాత డాబా తలుపు పడ్డ చప్పుడు.

బాలవ్వకు క్షారం సీసా ఎక్కడుందో తెలుసు. రోజూ తుడిచే సీసాయే. సోడియం హైడ్రాక్సైడ్. ఫిల్టర్ నీళ్ల క్యాన్ పక్కనుంచే నడిచి వెళ్లి ఆ సీసా తీసుకొచ్చింది. యాసిడ్ ఎంతుంటే క్షారం అంత ఉండాలని సారు పిల్లలకు చెప్పడం విన్నది గనక సీసా మొత్తం పోసింది. ఇరమ్ వద్దని మొత్తుకుంది, చేత్తో నెట్టింది. మందు పోస్తుంటే పిల్లలు ఏడుస్తారు గదా అనుకొని బాలవ్వ ఆ పిల్ల తల వెనక్కి వంచి, గట్టిగా పట్టుకొని పోసింది. మెడ మీద పోసింది దవడ మీదుగా పైకి చిమ్మి, వంగిన ముఖం మీద పాకి ఎడమ కంట్లోకి దిగింది. చర్మం మీంచి ఆవిరి లేచింది. బండ మీద నురుగు వచ్చినట్టే ఇదీ వచ్చిందని, ఇప్పుడు అణిగిపోతుందని బాలవ్వ ఎదురుచూసింది.

అణిగిపోలేదు.

రాళ్లు విసిరినవాళ్లే కేకలు విని షట్టర్ లేపి పైకి వచ్చారు. ఇరమ్‌ను ఇద్దరు ఎత్తుకొని మోటార్ సైకిల్ మీద పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తన కారును గుంపు తగలబెడుతుందని కరస్పాండెంట్ బయటికి తీయలేదు. బాలవ్వ చెప్పుల్లేకుండా వెనకాలే ఉరికింది.

ఆసుపత్రిలో చాలాసేపు సెలైన్‌తో కడిగారు. డాక్టరు బయటికొచ్చి ఏం పోశారని అడిగాడు. బాలవ్వ ముందుకొచ్చి సీసా పేరు తప్పులేకుండా చెప్పింది. తటస్థీకరణం చేశానని కూడా చెప్పింది. డాక్టరు ఆమె కాళ్లు చూశాడు, చీర చూశాడు.

"యాసిడ్ మెడమీద వడ్డది. కంట్ల వడలే. కన్ను నువ్వు పోసినదానితోని పోయింది. ఉత్త నీళ్లు పోస్తే మెడొక్కటే కాలుతుండె."

ఆ మాట అప్పుడే అజ్మల్ బండి దిగి వచ్చిన సర్వర్ బీ చెవిన కూడా పడింది. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. అజ్మల్ బాలవ్వ జుట్టు పట్టి ఆసుపత్రి గేటుదాకా ఈడ్చుకెళ్లాడు. అక్కడున్నవాళ్లు సంగతేమిటని అడిగి, తెలుసుకొని, వాళ్లూ తలా ఒక దెబ్బ వేశారు.

డాక్టరు చెప్పింది ఆమెకు ఆ రోజు సగమే అర్థమైంది. రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుందని, బండకు ఆ వేడి ఏమీ కాదని, మాంసం మాత్రం ఉడుకుతుందని, మనిషి ఒంటిమీద పాళ్లు కొలిచే తక్కెడ లేదని, మిగిలిపోయిన క్షారం యాసిడ్‌కన్నా లోతుకు తవ్వుతుందని తర్వాత సంగీత చెప్పింది. చెప్పిన తీరు మాత్రం బాలవ్వ చచ్చేదాకా మరిచిపోయేది కాదు.

"ఊడ్వనీకి పోయినదానివి ఊడ్వక, నీకెందుకే కెమిస్ట్రీ?" అన్నది.

పోలీసులు వచ్చేలోపు కరస్పాండెంట్ బాలవ్వను గదిలోకి పిలిపించుకున్నాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమె కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. బంద్ రోజు కాలేజీ మూసే ఉందని, పిల్లలు అడిగితే ఆమే తాళం తీసిందని, ఏ సారూ లేడని చెప్పమన్నాడు.

"నీ బిడ్డ హాల్‌టికెట్ నా తాన ఉన్నది బాలవ్వా. పరీక్ష రాయాల్నా వద్దా?"

బిడ్డను చదివించుకోవాలనే కదా ఇదంతా. బాలవ్వ సీఐ ముందు నిలబడి అలాగే చెప్పింది. సారు ఎవరూ లేరా అని సీఐ రెట్టించి అడిగాడు. లేరన్నది. చదువు రానిదానివి సీసాలెందుకు ముట్టావని కానిస్టేబుల్ చెంప మీద కొట్టాడు. ఆ తిట్టూ ఆ దెబ్బా తగిలాక, ఇన్నాళ్లూ ఆ మాట చెప్పించుకొని వాళ్లంతా ఎందుకు నవ్వేవారో ఆమెకు తెలిసింది.

ఆమెను స్టేషన్ వరండాలో కూర్చోబెట్టిన రోజునే, బంద్‌లో అరెస్టయిన విద్యార్థులను విడిపించడానికి జేఏసీ వాళ్లు వచ్చారు. వాళ్లలో లక్ష్మీరాజం ఉన్నాడు. బయటికొచ్చిన పిల్లలకు దండలు వేశాడు. వరండాలో గోడవారన ఉన్న మనిషిని చూశాడు. చూసి, పక్కనున్నాయనతో మాటల్లో పడ్డాడు. ఆయన నోరు విప్పితే తన తప్పు సగమవుతుందని బాలవ్వకు తెలుసు. విప్పితే బంద్ రోజు పాఠం చెప్పిన ద్రోహి అవుతాడని కూడా తెలుసు. అందుకే ఆమె పిలవలేదు.

ఆమెకు బెయిలు వచ్చింది. కరస్పాండెంట్ అజ్మల్‌తో ఏదో ఒప్పందానికి వచ్చి, కేసు రాజీ చేయించాడు. సంగీత పరీక్ష రాసింది, పాసయింది. కాలేజీలో ఆమెను సోడా బాలవ్వ బిడ్డ అని పిలిచేవాళ్లు. ఆ పేరు భరించలేక నర్సింగుకు కరీంనగర్ వెళ్లింది. అక్కడ తల్లి లేదని చెప్పుకున్నది. తల్లి ఒకసారి హాస్టల్‌కు పోతే, గేటు దగ్గరే మాట్లాడి పంపించింది. తోటి పిల్లలు అడిగితే ఊరి మనిషి అన్నది. బాలవ్వ ఆ మాట వింటూనే నిలబడి, తెచ్చిన సకినాల డబ్బా చేతికిచ్చి వచ్చేసింది.

జగిత్యాలలో ఎవరూ పని ఇవ్వలేదు. సిరిసిల్ల పోయి ఒక మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. ఆ చప్పుడులో మాట్లాడాల్సిన పని లేదు. అది ఆమెకు హాయిగా ఉండేది. తెలంగాణ వచ్చిన రోజు షెడ్డు యజమాని పనివాళ్లకు మిఠాయి పంచాడు. ఉద్యమంలో ముందున్న లెక్చరర్లకు జగిత్యాలలో సన్మానం జరిగిందని, లక్ష్మీరాజం సారుకు కరస్పాండెంటే శాలువా కప్పాడని ఎవరో పేపరు చదివి చెప్పారు. బాలవ్వ మిఠాయి తినేసి కండె మార్చింది.

ఆ ఎండాకాలం దాటాక, ఏమనిపించిందో, ఒకరోజు పనికి సెలవు పెట్టి కోరుట్ల బయలుదేరింది. ఇల్లు అడుగుతూ పోయింది. సర్వర్ బీ తలుపు తీసి, గుర్తుపట్టి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపల కుట్టు మిషను ముందు ఇరమ్ కూర్చుని ఉంది. మెడ తోలు ముడతలు పడి భుజంలోకి గుంజుకుపోయింది. ఎడమ రెప్ప మూసి కుట్టేసి ఉంది. పెళ్లివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, చూసి, చాయ్ కూడా తాగకుండా పోయారని సర్వర్ బీ ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పింది.

బాలవ్వ గడప దగ్గర కూర్చున్నది. మాఫ్ చేయమని అడగడానికి వచ్చింది గాని, ఆ మాట రాలేదు. ఇరమే మిషను ఆపింది.

"అవ్వా, సారు చెప్పింది నేను విన్న. మెట్ల మీదికెల్లి చెప్పిండు. గప్పుడు నాకు రెండు కండ్లు కనవడుతుండె."

బాలవ్వ తల ఎత్తింది. "ఎవ్వలకన్న చెప్పినవా బిడ్డా?"

"అన్నకు చెప్పిన. సారు పేరస్తే కాలేజోల్లు పైసలియ్యరట. ఆయా పేరొక్కటే చాలన్నడు."

సర్వర్ బీ కొంగు సర్దుకొని గోడవైపు తిరిగింది. మూడేళ్లుగా తన ఒక్కదాని మీదే ఉన్న బరువులో ఇంకొకరికి పాలుందని ఒక సాక్షి చెబుతుంటే, బాలవ్వ గడప లోపలికి జరిగింది. "మరి నా తప్పు లేనట్టే గదా బిడ్డా," అన్నది. అనకుండా ఉంటే బాగుండేది.

ఇరమ్ ఆమెను ఒక్క కన్నుతో తేరిపార చూసింది.

"ఆయన చెప్పిండు. పోసింది నువ్వు. మండుతుందంటే ఇనకుంట, తల వట్టుకొని పోసినవ్."

మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అజ్మల్ వచ్చే వేళయిందని, ఇక పొమ్మని సర్వర్ బీ మెల్లగా చెప్పింది.

సిరిసిల్ల పోవలసిన బాలవ్వ జగిత్యాలలో దిగింది. నడుచుకుంటూ స్టేషన్‌కు పోయింది. సీఐ కొత్తవాడు. ఆ రోజు ల్యాబులో లక్ష్మీరాజం సారు ఉన్నాడని, తాళం తీయించింది కరస్పాండెంట్ అని, తాను అబద్ధం చెప్పానని ఆమె నిలబడి చెప్పింది. ఆయన రైటర్‌ను అడిగాడు. ఆ కేసు ఎప్పుడో రాజీ అయి మూతపడిందని రైటర్ చెప్పాడు.

"ఇప్పుడు నీమీదనే పెట్టాలె, అబద్ధం చెప్పినందుకు. పెట్టాల్నా?" అని సీఐ పరాచికమాడాడు.

"పెట్టుండ్రి సారూ," అన్నది బాలవ్వ.

అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కదలలేదు. కాసేపు చూసి, సీఐ విసుక్కొని కానిస్టేబుల్‌ను పిలిచాడు. అతను ఆమెను బస్టాండుకు తీసుకుపోయి సిరిసిల్ల బస్సు ఎక్కించి, మనిషికి కొంచెం తిక్క ఉన్నట్టుందని, చూసి దించమని కండక్టర్‌కు చెప్పాడు. బాలవ్వ టికెట్ తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నది. మరునాడు పొద్దున మరమగ్గాల షెడ్డు తలుపు తీసేసరికి, ఆమె పనికి వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది.